గడప దగ్గరికే వచ్చే ఓటు: ఐదు రోజుల గడువును చేజార్చుకోవద్దు

(ఓటరు చైతన్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఓటు హక్కు గురించి సభ జరిగితే పోలింగ్ రోజు ఉదయాన్నే బయలుదేరండి, వరుసలో నిలబడండి, ఓటు వేసి రండి అని చెప్పడం పరిపాటి. ఆ మాట అవసరమైనదే. అయితే ఈ రోజు మేము ఆ వరుసలో నిలబడలేని వారి గురించి మాట్లాడదలచాము. మంచం దిగలేని నానీ, రెండు కాళ్లూ చచ్చుబడిన తమ్ముడు, పోలింగ్ రోజున మరో ఊళ్లో విధుల్లో ఉండే ఉపాధ్యాయురాలు, నిర్బంధ చట్టం కింద జైల్లో ఉన్న యువకుడు, గల్ఫ్‌లో పనిచేసే కొడుకు. వీరందరూ ఓటర్లే. వీరిలో కొందరికి పోలింగ్ రోజుకు ముందే ఓటు వేసే మార్గాన్ని చట్టం కల్పించింది. కొందరికి ఇంతవరకూ కల్పించలేదు. ఎవరికి మార్గం ఉందో, ఎవరికి లేదో, ఉన్న మార్గం ఎప్పుడు తెరుచుకుని ఎప్పుడు మూసుకుపోతుందో ప్రతి కుటుంబానికీ తెలియాలి.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాటను మొదటే చెబుతాము. ఇంటి నుంచి ఓటు వేసే హక్కు పోలింగ్ రోజున పోదు. నోటిఫికేషన్ వెలువడిన తర్వాతి ఐదు రోజుల్లోనే పోతుంది. ఆ ఐదు రోజుల్లో దరఖాస్తు ఇవ్వని వారికి ఆ తర్వాత ఎవరూ దారి చూపలేరు.

చట్టం ఏమి చెబుతోంది?

రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కు ఇచ్చింది. మతం, జాతి, కులం, లింగం అనే కారణాలతో మాత్రమే ఎవరినీ ఓటర్ల జాబితాకు అనర్హులను చేయరాదని 325వ అధికరణం చెబుతోంది. ఈ రెండు అధికరణాలూ మన హక్కుకు పునాది. ఆ హక్కును ఎలా వినియోగించుకోవాలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు వివరిస్తాయి.

మొదట్లో పోస్టల్ బ్యాలెట్ సైనికులు, ఎన్నికల విధుల్లో ఉన్న సిబ్బంది, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు వంటి కొద్దిమందికే పరిమితమై ఉండేది. 2019 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం నియమాలను సవరించి 80 ఏళ్లు పైబడిన వృద్ధులకు, వికలాంగులకు కూడా ఈ అవకాశం కల్పించింది. అదే ఏడాది జార్ఖండ్ శాసనసభ ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాలలో దీనిని మొదటగా అమలు చేశారు. తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికల నాటికి 80 ఏళ్ల నిబంధనే ఉండేది. 2024 మార్చిలో ఆ వయసును 85కు పెంచారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా ఇంటి నుంచి ఓటు సదుపాయం అమలైంది. అప్పటి లెక్కల ప్రకారం దేశంలో 85 ఏళ్లు పైబడిన ఓటర్లు 81 లక్షలకు పైగా, వికలాంగ ఓటర్లు 90 లక్షలకు పైగా ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2023లో 82 ఏళ్ల వయసున్న ఒక దాదీ తెలంగాణలో ఇంటి నుంచి ఓటు వేసి ఉండవచ్చు. కొన్ని నెలల తర్వాత 2024లో ఆమెకు ఆ అర్హత లేదు. క్రితంసారి ఇంటికి వచ్చారు, ఈసారీ వస్తారు అనుకుని ఎదురుచూస్తే ఓటు పోతుంది. అందుచేత ప్రతి ఎన్నికకూ నిబంధనను కొత్తగా తెలుసుకోవాలి. ఈ నియమాలు లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు సంబంధించినవి. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం వేరే నియమాలతో నిర్వహిస్తుంది కనుక అప్పుడు విడిగా విచారించుకోవాలి.

ఐదు రోజుల లెక్క

ఇంటి నుంచి ఓటు కోసం ఇవ్వవలసిన దరఖాస్తు పేరు ఫారం 12డి. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఐదు రోజుల్లోగా అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఈ ఐదు రోజులు ఎప్పుడు వస్తాయో మన అనుభవంలోని రెండు ఎన్నికలను బట్టి చూద్దాము.

తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికలకు నవంబరు 3న నోటిఫికేషన్ వచ్చింది. పోలింగ్ నవంబరు 30న జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలకు ఏప్రిల్ 18న నోటిఫికేషన్, మే 13న పోలింగ్. రెండు సందర్భాల్లోనూ నోటిఫికేషన్‌కూ పోలింగ్‌కూ మధ్య దాదాపు నాలుగు వారాల వ్యవధి ఉంది. కానీ ఫారం 12డికి మొదటి ఐదు రోజులే గడువు. అప్పటికి నామినేషన్లు కూడా పూర్తి కావు. ఎవరు పోటీలో ఉంటారో, ఎవరు ఉపసంహరించుకుంటారో తేలదు. ప్రచార రథాలు ఇంకా మన వీధిలోకి రావు. ఎన్నికల వేడి మనకు తగిలే నాటికి ఇంటి నుంచి ఓటు వేసే తలుపు మూసుకుపోయి చాలా రోజులవుతుంది. అందుకే ఈ పని పార్టీల ప్రచారంతో పాటు మొదలయ్యే పని కాదు. నోటిఫికేషన్‌కు కొన్ని నెలల ముందే పూర్తి చేయవలసిన పని.

జాబితాలో పేరు, వయసు, వైకల్యం

నెలల ముందు ఏమి చేయాలి? మొదట ఓటర్ల జాబితాను చూడాలి. ఇంట్లోని పెద్దవారి వయసు మనకు తెలిసినది ఒకటి, జాబితాలో ఉన్నది మరొకటి కావచ్చు. మన వాడల్లో ఇది తరచుగా కనిపించే సమస్య. పుట్టిన తేదీ నమోదు లేని తరం అది. వివరాలు రాసుకోవడానికి వచ్చిన వ్యక్తి ముఖం చూసి అంచనాగా వేసిన వయసే కార్డుపై నిలిచిపోయింది. చాలామంది ఆధార్‌లో జనవరి 1 అని ఉండటానికి కారణం కూడా ఇదే. 87 ఏళ్ల మనిషి జాబితాలో 78గా ఉంటే అధికారుల వద్ద ఉండే వృద్ధ ఓటర్ల పట్టికలో ఆ పేరు రాదు. ఆమె ఇంటికి ఎవరూ రారు.

ఈ తప్పును దిద్దడానికి ఫారం 8 ఉంది. వయసు, పేరు, చిరునామా, ఫోటో, ఏది సరిచేయాలన్నా ఇదే ఫారం. దానికి రుజువు పత్రం జతచేయాలి. ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. ఇంటి నుంచి ఓటు వస్తుందని లేని వయసును చూపించవద్దు. జాబితాకు సంబంధించి తెలిసి తప్పుడు ప్రకటన ఇవ్వడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలుశిక్ష పడగల నేరం.

వికలాంగుల విషయంలో మరో మెట్టు ఉంది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. అంతేకాక ఓటర్ల జాబితా సమాచారంలో ఆ వ్యక్తి వికలాంగుడని ముందుగానే నమోదై ఉండాలి. ఆ నమోదు కూడా ఫారం 8 ద్వారానే జరుగుతుంది. పింఛను కోసం తీసుకున్న సదరం ధ్రువపత్రం పెట్టెలో భద్రంగా ఉంటుంది. కానీ ఆ సంగతి ఓటర్ల జాబితాకు తెలియదు. ఒక శాఖకు తెలిసినది మరో శాఖకు దానంతట అదే చేరుతుందని అనుకోవద్దు.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. షేక్, షేఖ్, ఎస్.కె. అని ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా పడుతుంది. మహమ్మద్, మొహమ్మద్, ఎండీ అని మరొకటి. బీబీ, బేగం, ఉన్నీసా అనే మాటలు ఒక కార్డులో ఉండి మరొక కార్డులో ఉండవు. పెళ్లయి వేరే ఊరు వచ్చిన స్త్రీకి పుట్టింటి జాబితాలో ఒక పేరు, అత్తింటి జాబితాలో మరో పేరు ఉంటాయి. స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికలకు ముందు ఉత్తరాది రాష్ట్రాలలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించుకున్నారు. ఆ కారణంగా దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తుది జాబితాలో చోటు పొందలేకపోయారు. ఆనాడు పేరు చెప్పకపోవడం వల్ల పోయిన ఓటు, ఈనాడు పేరు సరిగా పడకపోవడం వల్ల పోకూడదు.

జాబితాలో పేరే లేకపోతే ఇంటి నుంచి ఓటైనా, బూత్‌లో ఓటైనా ఒక్కటే, రెండూ ఉండవు. కొత్తగా చేరడానికి ఫారం 6 ఇవ్వాలి. నామినేషన్ల చివరి గడువు దాటిన తర్వాత ఆ ఎన్నికకు ఎవరి పేరూ చేర్చరు. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు అమలులో ఉన్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 నాటికి 18 ఏళ్లు నిండిన వారు నమోదు కావచ్చు. నానీ వయసు సరిచేయడానికి వెళ్లిన మనవడు తన పేరు కూడా చేర్పించుకుని రావచ్చు.

ఫారం 12డి ఇచ్చిన తర్వాత

గడువు రోజులు రాగానే బూత్ స్థాయి అధికారి, అంటే మనమందరం బీఎల్ఓ అని పిలిచే వ్యక్తి, అర్హులైన వృద్ధుల, వికలాంగుల ఇళ్లకు ఫారం 12డి తీసుకుని రావాలి. ఫారం ఇచ్చినట్టు రసీదు తీసుకుంటారు. నింపిన ఫారాన్ని మళ్లీ వచ్చి సేకరిస్తారు. ఒకవేళ ఆయన రాకపోతే మొదటి రోజునే మనమే వెతికి పట్టుకోవాలి. మన పోలింగ్ కేంద్రం బీఎల్ఓ ఎవరో 1950 నంబరుకు ఫోన్ చేసినా, ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో చూసినా తెలుస్తుంది. వికలాంగుల కోసం సక్షమ్ అనే యాప్ కూడా ఉంది.

ఫారం నింపే ముందు ఇంట్లో కూర్చుని ఆలోచించాలి. ఇది ఐచ్ఛికం. 85 ఏళ్లు దాటినా బూత్‌కు వెళ్లి ఓటు వేయాలనే కోరిక ఉన్నవారు నిస్సందేహంగా వెళ్లవచ్చు. అక్కడ ర్యాంపు, చక్రాల కుర్చీ, వృద్ధులకు ప్రాధాన్యం ఉండాలి. కానీ ఒకసారి 12డి ఆమోదం పొందితే జాబితాలో ఆ పేరు ఎదుట పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పెడతారు. ఆ తర్వాత పోలింగ్ రోజున బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు. రెండు దారులూ తెరిచి ఉంచుకుందామనుకుంటే కుదరదు.

దరఖాస్తు ఆమోదం పొందిన వారి ఇంటికి పోలింగ్‌కు ముందే నిర్ణయించిన రోజున ఒక బృందం వస్తుంది. అందులో పోలింగ్ అధికారులు, పోలీసు, వీడియో తీసే వ్యక్తి ఉంటారు. వచ్చే తేదీని ముందుగా తెలియజేస్తారు. అభ్యర్థులకు కూడా ఆ కార్యక్రమ వివరాలు ఇస్తారు. వారు కోరితే తమ ప్రతినిధులను పంపవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు ఓటరు ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు. రెండోసారి కూడా లేకపోతే ఇక రారు. ఆ ఓటు పోయినట్టే. పెద్దవారిని ఆ రోజుల్లో మరో కూతురి ఇంటికో, ఆసుపత్రిలో మామూలు పరీక్షలకో పంపకుండా చూసుకోవాలి. గుర్తింపు కార్డు చేతికి అందేలా ఉంచాలి.

ఇంటి నుంచి ఓటులో యంత్రం ఉండదు, కాగితపు బ్యాలెట్ ఉంటుంది. నచ్చిన అభ్యర్థి ఎదుట గుర్తు పెట్టాలి. దానిపై సంతకం గానీ, పేరు గానీ, ఓటరు ఎవరో తెలిసే మరే గుర్తు గానీ ఉండకూడదు. ఇద్దరి ఎదుట గుర్తు పెడితే చెల్లదు. బ్యాలెట్‌ను చిన్న కవరులో పెట్టి అంటించాలి. ఫారం 13ఏ అనే ప్రకటన పత్రంపై మాత్రం ఓటరు సంతకం లేదా వేలిముద్ర ఉండాలి, అధికారి దానిని ధ్రువీకరించాలి. ఆ ప్రకటన చిన్న కవరులోకి వెళ్లకూడదు. చిన్న కవరునూ ప్రకటననూ కలిపి పెద్ద కవరులో పెట్టి అంటించి ఆ బృందానికే అప్పగించాలి. పేరుకు పోస్టల్ బ్యాలెట్ అయినా తపాలాలో వేయవలసిన పని లేదు. తర్వాత ఇస్తామని, మేము చేరవేస్తామని ఎవరైనా అంటే కవరు వారి చేతికి ఇవ్వవద్దు.

ప్రకటన పత్రం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్ల విషయంలో, ఫారం 13ఏపై ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా లేదా అనే వివాదం హైకోర్టుకు, అక్కడి నుంచి లెక్కింపుకు ముందు రోజు సుప్రీంకోర్టుకు వెళ్లింది. చదువుకున్న ఉద్యోగుల ఓట్లకే ఈ పరిస్థితి వస్తే, అక్షరం రాని పెద్దవారి పత్రాన్ని మనం ఇంకెంత శ్రద్ధగా చూడాలో ఆలోచించండి.

నానీ ఓటు నానీదే

ఇప్పుడు చెప్పబోయే మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. బూత్‌లో అట్ట అడ్డు ఉంటుంది. అక్కడ కొడుకు, మనవడు, వార్డు నాయకుడు తొంగిచూడలేరు. ఇంట్లో ఆ రక్షణ సులువుగా చెదిరిపోతుంది. మంచం చుట్టూ ఇంటిల్లిపాది చేరి ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అంటే ఆ ఓటు ఆమెది కాదు. బృందం ఇంట్లో కూడా గోప్యత పాటించాలి. వీడియో తీసే వ్యక్తి ఓటరు ఎవరికి గుర్తు పెట్టారో చిత్రించకూడదు. అడ్డు పెట్టమని, ఇతరులను బయటికి పంపమని మనమే అడగాలి.

చూపు లేనివారు, చేయి ఆడనివారు తమకు నమ్మకమైన ఒక వయోజనుడి సాయం తీసుకోవచ్చు. ఆ సహాయకుడిని ఎంచుకునేది ఓటరే. ఆమె చెప్పినట్టు గుర్తు పెట్టడం, ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం సహాయకుడి బాధ్యత. ఇది అమానత్. ఇంట్లో రాజకీయం ఎవరిదైనా కావచ్చు, అమానత్‌లో ఖయానత్ చేయరాదు.

పర్దా పాటించే పెద్ద మహిళల ఇళ్లలో మగ అధికారులు వస్తారనే సంకోచంతో దరఖాస్తే ఇవ్వని వారు ఉన్నారు. ఫారం ఇచ్చేటప్పుడే బృందంలో మహిళా సిబ్బందిని పంపమని బీఎల్ఓను అడగండి. వచ్చే తేదీ ముందే తెలుస్తుంది కనుక ఇంట్లోని ఆడవారు దగ్గర ఉండేలా ఏర్పాటు చేసుకోవచ్చు. పర్దా కారణంగా ఓటు వదులుకోవలసిన అవసరం లేదు.

విధుల్లో ఉన్నవారు, నిర్బంధంలో ఉన్నవారు

ఎన్నికల విధుల్లో మన ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పోలీసులు, డ్రైవర్లు ఎందరో ఉంటారు. తమ ఓటు ఉన్న నియోజకవర్గంలోనే విధులు పడితే ఫారం 12ఏ ద్వారా ఎన్నికల విధుల ధ్రువపత్రం తీసుకుని, పని చేస్తున్న కేంద్రంలోనే యంత్రంపై ఓటు వేయవచ్చు. వేరే నియోజకవర్గంలో విధులు పడితే ఫారం 12 ఇచ్చి పోస్టల్ బ్యాలెట్ పొందాలి. 2023లో వచ్చిన సవరణ తర్వాత ఈ బ్యాలెట్‌ను ఇంటికి తీసుకుపోవడానికి వీల్లేదు. నిర్ణయించిన ఫెసిలిటేషన్ కేంద్రానికి స్వయంగా వెళ్లి అక్కడే ఓటు వేసి అక్కడే అప్పగించాలి. శిక్షణ తరగతి ఉత్తర్వు అందిన రోజునే ఈ ఫారం సంగతి అడిగి తెలుసుకోవాలి.

విద్యుత్తు, ఆరోగ్యం, రవాణా వంటి అత్యవసర సేవల్లో పోలింగ్ రోజున పనిచేసే వారికి కూడా, ఆ ఎన్నికకు ఎన్నికల సంఘం ప్రకటించిన జాబితాలో వారి శాఖ ఉంటే, 12డి ద్వారానే అవకాశం ఉంది. వారి ఇంటికి బృందం రాదు. పోలింగ్‌కు ముందు మూడు రోజుల పాటు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉండే పోస్టల్ ఓటింగ్ కేంద్రానికి వారే వెళ్లాలి. సైన్యంలో, కేంద్ర సాయుధ బలగాలలో ఉన్న మన పిల్లలకు బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే ఏర్పాటు 2016 నుంచి ఉంది. వారితో కలిసి నివసించే జీవిత భాగస్వామికి కూడా ఆ అర్హత వర్తిస్తుంది.

ఇక జైలు విషయం. ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్నవారు ఓటు వేయరాదు. శిక్ష పడినవారే కాదు, విచారణ ఖైదీలు కూడా. నేరం రుజువు కాకముందే ఓటు తీసేయడం న్యాయమా అనే ప్రశ్న 1997లో సుప్రీంకోర్టు ముందుకు వెళ్లినా కోర్టు ఆ నిబంధనను సమర్థించింది. దీనిని మార్చాలని కోరే హక్కు మనకుంది, కోరుతూనే ఉంటాము. బెయిలుపై బయట ఉన్నవారికి మాత్రం ఓటు ఉంది. కేసు ఉంది కనుక ఓటు లేదని ఎవరైనా బెదిరిస్తే నమ్మవద్దు.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ముందస్తు నిర్బంధ చట్టాల కింద ఉన్నవారు పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓటు వేయవచ్చు. మన ప్రాంతంలో 1986 నాటి పీడీ చట్టాన్ని ఎంత విరివిగా వాడారో మీకు తెలుసు. తెలంగాణలో ఆ వాడకాన్ని సుప్రీంకోర్టు 2023లో తీవ్రంగా తప్పుపట్టింది. నిర్బంధితుల పేర్లను నోటిఫికేషన్ తర్వాత 15 రోజుల్లోగా ప్రభుత్వం రిటర్నింగ్ అధికారికి తెలియజేయాలి. నిర్బంధితుడు స్వయంగా కూడా తెలియజేయవచ్చు. ఆ ఇంటివారు, వారి న్యాయవాది ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనిషిని నిర్బంధించినా ఓటును నిర్బంధించలేదు చట్టం.

మార్గం లేనివారు

మన దేశంలో సాధారణ ఓటరుకు ముందస్తు ఓటు లేదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పౌరులు ఎన్నిక రోజుకు ముందే కేంద్రానికి వెళ్లి ఓటు వేసి రావచ్చు. ఇక్కడ ప్రయాణం ఉందనో, పెళ్లి ఉందనో ముందుగా ఓటు వేయడానికి వీల్లేదు. 2024లో దేశం నుంచి హజ్ విమానాలు మే 9న మొదలయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న జరిగింది. తొలి విమానాల్లో బయలుదేరిన హాజీలకు ఓటు వేసే దారి లేకపోయింది.

గల్ఫ్‌లో ఉన్న మన వారి పరిస్థితి ఇంకా బాధాకరం. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి ఎన్ని కుటుంబాల వారు అక్కడ ఉన్నారో చెప్పనక్కరలేదు. విదేశీ పౌరసత్వం తీసుకోని భారతీయులు ఫారం 6ఏ ద్వారా తమ పాస్‌పోర్టులోని చిరునామాలో ఓటరుగా నమోదు కావచ్చు. 2011 నుంచి ఈ హక్కు అమలులో ఉంది. కానీ ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టుతో సొంత ఊరి బూత్‌కు స్వయంగా రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అలా నమోదైన దాదాపు 1 లక్షా 19 వేల మందిలో వచ్చి ఓటు వేసినది 3 వేల కన్నా తక్కువ మంది. వారిలో అత్యధికులు కేరళవారు. ప్రవాసులకు ప్రతినిధి ద్వారా ఓటు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభలో ఆమోదం పొందినా, రాజ్యసభ దాటక 2019లో మురిగిపోయింది. సైనికులకు ఉన్న ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను ప్రవాసులకు కూడా వర్తింపజేయడానికి తాము సిద్ధమని ఎన్నికల సంఘం 2020లోనే ప్రభుత్వానికి తెలిపింది. నిర్ణయం ప్రభుత్వం చేతిలో ఉంది. మన ఎంపీలను కలిసినప్పుడు ఈ ప్రశ్న తప్పక అడగాలి. ఈలోగా ఎవరైనా మొబైల్‌లో ఓటు వేయిస్తామని డబ్బు అడిగితే అది మోసమని గ్రహించాలి.

ఒక్క ఓటు విలువ

ఇంట్లో ఉన్న ఒక ముసలి ప్రాణి ఓటు కోసం ఇంత శ్రమ ఎందుకని అడిగేవారు ఉన్నారు. 2023లో యాకుత్‌పురా ఫలితాన్ని 878 ఓట్లు నిర్ణయించాయి. అదే ఎన్నికలో చేవెళ్లలో తేడా 268 ఓట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని మడకశిరలో 351 ఓట్లు. ఒక్కో నియోజకవర్గంలో మంచానపడిన వృద్ధులు, వికలాంగులు, విధుల్లో ఉన్న ఉద్యోగులు కలిస్తే ఈ సంఖ్యలను దాటుతారు. అయితే ఫలితం మారినా మారకపోయినా ఆ ఓటుకు విలువ ఉంది. తొలి ఎన్నికల కాలాన్ని బాల్యంలో చూసి, ఇన్ని దశాబ్దాలు క్రమం తప్పక ఓటు వేసిన మనిషిని, నడవలేని స్థితి వచ్చింది కనుక పౌరుల లెక్కలో నుంచి తీసేయడం మనకు తగదు.

కార్యకర్తలకు, మొహల్లా కమిటీలకు మా మనవి ఇది. ప్రతి వాడకూ ఒక నోటు పుస్తకం పెట్టండి. 85 దాటినవారు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవారు, ఎన్నికల విధులు పడే ఉద్యోగులు, విదేశాల్లో ఉన్నవారు ఎవరెవరో ఇంటి నంబరుతో రాసుకోండి. జాబితాలోని వయసుతో సరిపోల్చండి. తప్పు ఉంటే ఎన్నికల సంవత్సరం కోసం ఆగకుండా ఫారం 8 వేయించండి. రసీదు నంబరు రాసి ఉంచండి. నోటిఫికేషన్ వెలువడిన రోజు సాయంత్రమే ఆ పుస్తకం తెరిచి ఐదు రోజుల పనిని పంచుకోండి. ఎవరికి ఓటు వేయాలో ఆ ఇంట్లో మాట్లాడవద్దు. మతం చూడవద్దు. పక్కింటి హిందూ అవ్వకు, క్రైస్తవ తాతకు కూడా ఇదే ఫారం, ఇదే గడువు. వారి పేర్లూ ఆ పుస్తకంలో ఉండాలి.

తల్లులకు, కోడళ్లకు ఒక మాట. మీ ఇంటి పెద్దావిడ ఓటరు కార్డు ఎక్కడుందో, అందులో వయసు ఎంతని ఉందో ఈ రాత్రి ఒకసారి చూడండి. పని అక్కడి నుంచే మొదలవుతుంది.